ఆట ముగిసిన పిమ్మట

ఆటలు కాలమును పాడుచేయుటకే పుట్టినవని కొందరు పెద్దలు తలంతురు. ఆటలకంటె ముఖ్యమైనది వేరొకటి లేదని కొందరు పిల్లలు తలంతురు. ఈ రెండు తలంపులును తొందరపాటువే యని మా అభిప్రాయము. మంచి పుస్తకమును చదివి ముగించిన పిమ్మట దానిని మూసి కొంతసేపు మాటలాడక కూర్చుందుము గదా! అట్టి మౌనమును కలిగింపగల ఆటలును కొన్ని కలవు. కంప్యూటరు తెరమీద తుపాకి చేతబట్టి తిరుగు ఆట యొకటి గడచిన సెలవులలో మేము కడదాక ఆడి ముగించితిమి. తెలుగు చెప్పువారికి తుపాకి ఆటతో పని యేమని అడుగువారుందురు. పని కలదనియే మా మనవి. అది యెట్టిదో విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును విన్నవించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ ఆట పేరు ‘స్టాకర్: షాడో ఆఫ్ చెర్నోబిల్’. ఉక్రెయిన్ దేశపు రాజధానియగు కీవ్ నగరమునందలి జి.ఎస్.సి. గేమ్ వరల్డ్ అను సంస్థ దానిని నిర్మించెను. 2001లో ఆటను గూర్చి ప్రకటించి, పెక్కు పర్యాయములు వాయిదా వేసి, తుదకు 2007 మార్చిలో విడుదల చేసిరి. ఈ తరగతి ఆటలలో ఆడువాని రూపము తెరమీద కనబడదు. చేతులును, చేతనున్న ఆయుధమును మాత్రమే కనబడును. లోకమంతయు ఆ పాత్ర కన్నులతోనే చూడవలెను. ఇట్టి ఆటలు లెక్కకు మిక్కిలి కలవు. పెక్కింటిలో ఎదురుపడినవానిని కాల్చుట తప్ప వేరు పని లేదు. ఈ ఆటలో కాల్పులు లేవని మేము చెప్పము, చాల కలవు. కాని కాల్చుటకంటె నడచుట యెక్కువ. నడచుటకంటె ఆగి చెవియొగ్గుట యెక్కువ. ఆట ముగిసిన పిమ్మట మా మనస్సున నిలిచినది తుపాకి మ్రోత కాదు, నిర్జనమైన ఊరిలో గాలి చప్పుడు.

ఆ ఊరు కల్పితము కాదు. అందువలన ముందుగ దాని చరిత్ర చెప్పవలసియున్నది.

1986 ఏప్రిల్ 26వ తేదీ శనివారము, తెల్లవారక మునుపు 1 గంట 23 నిమిషములకు, నాడు సోవియట్ యూనియనులో భాగముగ నుండిన ఉక్రెయిన్‌లో చెర్నోబిల్ అణువిద్యుత్కేంద్రపు నాలుగవ రియాక్టరు ప్రేలిపోయెను. బయటి విద్యుత్తు ఆగిపోయినచో, తిరుగుచున్న టర్బైను తన వేగముచేతనే కొంతసేపు నీటి పంపులను నడపగలదా యని పరీక్షించుచుండగా ఈ ప్రమాదము జరిగెను. రియాక్టరు నిర్మాణమునందలి లోపమును, పరీక్ష జరిపినవారు నియమములను దాటుటయు కలసి దీనికి కారణములైనవి. మంట లార్ప వచ్చిన అగ్నిమాపక దళమువారిలోను, కేంద్రపు ఉద్యోగులలోను 28 మంది కొలది నెలలలోనే వికిరణ వ్యాధిచే మరణించిరి.

ఆ కేంద్రమునకు సుమారు 3 కిలోమీటర్ల దూరమున ప్రిప్యత్ అను పట్టణము కలదు. ఉద్యోగుల కొరకై 1970లో స్థాపించిన క్రొత్త ఊరది. ప్రమాదము నాటికి సుమారు 49,000 మంది అచట నివసించుచుండిరి. ఆ శనివారమున పిల్లలు యథాప్రకారము బడికి వెళ్ళిరి. తల్లులు సంతకు వెళ్ళిరి. ఏమి జరిగినదో వారికి ఎవరును చెప్పలేదు. మరునాటి మధ్యాహ్నము వేయికి పైగా బస్సులు వచ్చి ఊరు ఊరంతయు ఖాళీ చేయించెను. తాత్కాలికముగ వెళ్ళుచున్నారనియు, కాగితములును కొంత ఆహారమును మాత్రము తీసికొనుడనియు రేడియోలో చెప్పిరి. మూడు దినములలో తిరిగి వత్తుమని పలువురు నమ్మిరి. ఎవరును తిరిగి కాపురమునకు రాలేదు. మే 1వ తేదీన తెరువవలసియుండిన ఉద్యానములోని జెయింటు వీలు నేటికిని అట్లే నిలిచియున్నది. ఆ యేడు మొత్తము మీద సుమారు 1,16,000 మందిని ఆ ప్రాంతమునుండి తరలించిరి. కేంద్రము చుట్టు 30 కిలోమీటర్ల మేర నిషిద్ధ మండలమైనది.

ప్రమాదమును గూర్చి లోకమునకు మొదట తెలిసినది ఆ దేశము చెప్పుటచేత కాదు. ఏప్రిల్ 28వ తేదీన స్వీడనులోని ఫోర్స్‌మార్క్ అణువిద్యుత్కేంద్రమున ఉద్యోగి బూట్లమీద వికిరణము కనబడుటచేత ఎచటనో ఏదో జరిగినదని బయటపడెను. ఆ సాయంకాలము గాని సోవియట్ ప్రభుత్వము క్లుప్తముగ ఒక ప్రకటన చేయలేదు. మే 1వ తేదీన కీవ్ వీధులలో పిల్లలతో ఉత్సవపు ఊరేగింపు యథావిధిగ జరిగినది. ఈ మౌనమును మన పిల్లలు జ్ఞాపకముంచుకొనవలెను. వికిరణము కంటికి కనబడదు. దానిని గూర్చిన సత్యమును కూడ కనబడకుండ చేసినచో ప్రజలకు మిగులు రక్షణ యేమి?

ఇక ఆటను గూర్చి. ఆటకు ‘స్టాకర్’ అను పేరును, ‘మండలము’ అను భావమును ఇచ్చినది ప్రమాదమునకు 14 ఏండ్లు ముందు పుట్టిన కథ. రష్యను రచయితలగు అర్కాదీ, బొరీస్ స్త్రుగాత్‌స్కీ సోదరులు 1972లో ‘రోడ్‌సైడ్ పిక్నిక్’ అను పేర ఆంగ్లమున ప్రసిద్ధమైన నవలను ప్రకటించిరి. అందులో ప్రమాదకరమైన నిషిద్ధ మండల మొకటి కలదు. దానిలోనికి దొంగచాటుగ పోయి వింత వస్తువులను తెచ్చి అమ్ముకొనువారిని స్టాకర్లందురు. ఆ నవల ననుసరించి ఆంద్రేయ్ తర్కోవ్‌స్కీ 1979లో చలనచిత్రము తీసెను. ఏడేండ్లకు నిజమైన మండలమే యేర్పడెను. కీవ్ యువకులు ఈ రెంటిని కలిపి ఆటగ కూర్చిరి. వారు స్వయముగ నిషిద్ధ మండలమునకు వెళ్ళి, భవనములను, రోడ్లను, గోడల పగుళ్ళను ఛాయాచిత్రములు తీసికొని వచ్చి, వానిని చూచి ఆటలోని ప్రదేశములను నిర్మించిరి. ప్రిప్యత్‌లోని హోటలు, సంస్కృతి భవనము, జెయింటు వీలు ఆటలో మనకు ఎదురగుట కిదియే కారణము.

ఆటలో నడక యెట్టిదో చెప్పెదము. అడుగడుగున గాలిలో కనబడని ఉచ్చులు కలవు. వానిని కనుగొనుటకు కథానాయకుడు జేబునుండి ఇనుప బోల్టు తీసి ముందునకు విసరును. అది నేలబడినచో దారి మంచిది. గాలిలో గిరగిర తిరిగినచో, మెరుపు మెరసినచో ప్రక్కకు తొలగవలెను. వికిరణమును కొలుచు యంత్రము టకటకమనుచుండును. ఆ చప్పుడు హెచ్చిన కొలది వెనుకకు తగ్గవలెను. వాన కురియును. దూరమున కుక్కలు అరచును. చీకటి పడిన పిమ్మట నెగడు వెలుగు కనబడినచో ప్రాణము లేచివచ్చును. నెగడు చుట్టు నలుగురు కూర్చుండి రొట్టె తినుచు, గిటారు మీటుచు, హాస్యములు చెప్పుకొనుచుందురు. వారితో పోరాటము లేదు, పని లేదు. ఊరక నిలిచి వినవచ్చును. మేము ఈ నెగళ్ళవద్ద గడపిన కాలము, కథకు అవసరమైనదానికంటె చాల యెక్కువ.

కథ చిన్నది. నాయకునికి స్మృతి లేదు. తన పేరు తనకు తెలియదు. అతని చేతి యంత్రములో ‘స్త్రెలోక్‌ను చంపుము’ అను ఆజ్ఞ యొక్కటి మాత్రము కలదు. స్త్రెలోక్ అనగా గురిచూచి కాల్చువాడు. ఎవడా స్త్రెలోక్ అని ఊరూర వెదకుకొనుచు పోగా, తుదకు తెలియునది తానే స్త్రెలోక్ అని. పేరు మరచినవాడు తన్ను తానే శత్రువుగ వెదకెను. తుపాకి ఆటలో ఇట్టి ముడి ఉండుట మాకు విశేషముగ తోచినది.

ముగింపు ఒక్కటి కాదు, ఏడు. ప్రేలిన రియాక్టరు లోపల కోరికలు తీర్చునని పేరుపడిన పెద్ద స్ఫటిక మొకటి కలదు. అది నాయకుడు దారిలో ఎట్లు ప్రవర్తించెనో చూచి, దాని ననుసరించి అతని కోరిక తీర్చును. ధనము విశేషముగ కూడబెట్టినవాడు ఐశ్వర్యము కోరును. బంగారు నాణెములు కురియుచున్నట్లు అతనికి కనబడును, నిజమునకు పైకప్పు కూలి మీదపడును. మరణము లేకుండ కోరినవాడు లోహవిగ్రహమగును. మండలమే మాయమగు గాక యని కోరినవాడు గ్రుడ్డివాడగును. అతనికిక మండలము కనబడదు. కోరికను అడుగక, దాని వెనుకనున్న రహస్యమును శోధించి పోయినవానికే నిజమైన ముగింపు దొరకును. ఆ ముగింపులలో ఒకదానియందు నాయకుడు ఎండలో గడ్డిమీద పరుండి, తాను చేసినది సరియో కాదో తనకు ఎన్నటికి తెలియకపోవచ్చునని చెప్పుకొనును. మన పురాణములలో వరములు కోరి చెడిన రాక్షసుల కథలు విని పెరిగిన పిల్లలకు ఈ నీతి క్రొత్తది కాదు. వరము ఇచ్చువానికంటె అడుగువాని మనస్సే ప్రమాదకరమని మనవారు ఏనాడో చెప్పిరి.

ఇచట ఒక ఆక్షేపణ రాదగినది. నిజముగ మనుష్యులు చచ్చి, లక్షమంది ఇండ్లు విడిచిపోయిన చోటును ఆట వస్తువుగ చేయుట ధర్మమా? ఇది చిన్న ప్రశ్న కాదు. ఇతరులు ఎవరో దూరదేశమున కూర్చుండి లాభము కొరకు చేసినచో మేమును ఆక్షేపించియుందుము. కాని దీనిని నిర్మించినది ఆ కేంద్రమునకు సుమారు 100 కిలోమీటర్ల దూరమున నున్న కీవ్ వారు. ఆ ప్రమాదమును తమ యింటి సంగతిగ ఎరిగిన దేశమువారు. తమ దుఃఖమును పాటగనో, నాటకముగనో, ఆటగనో చెప్పుకొను హక్కు ఆ దుఃఖము పడినవారికి కలదు. మన పల్లెలలో కరవును గూర్చియు, కలరాను గూర్చియు పాటలు పాడుకొనలేదా?

అయినను ఆటలోని దానినంతయు సత్యమని నమ్మరాదు. ఆటలోని వింత మృగములు కల్పన. గాలిలోని ఉచ్చులు కల్పన. ఆటలో వోడ్కా త్రాగినచో వికిరణము తగ్గును; నిజమునకు మద్యము వికిరణమునకు మందు కాదు. సమయమునకు ఇచ్చిన అయొడిను మాత్రలు గళగ్రంథిని మాత్రము రేడియోధార్మిక అయొడినునుండి కాపాడును. అంతకు మించినది లేదు. నేటి నిషిద్ధ మండలమున అడవి పెరిగినది. తోడేళ్ళును, 1998లో తెచ్చి విడిచిన ప్రెజ్వాల్‌స్కీ జాతి గుఱ్ఱములును తిరుగుచున్నవి. నిషేధమును లెక్కచేయక తమ పల్లెలకు మరలివచ్చి, అచటనే బ్రతికిన వృద్ధులు కలరు. ఈ ముదుసలి తల్లులు ఆటలో కనబడరు. ఆటయందు మాకు కనబడిన పెద్ద లోపము ఇదియే. తుపాకి పట్టినవారిని ఇంతమందిని చూపినవారు, పెరటిలో బంగాళాదుంపలు నాటుకొను ఒక్క అవ్వను చూపియుండిన యెడల ఆ మండలము ఇంకను సత్యమై యుండెడిది.

ఇప్పుడు మేము ముఖ్యముగ చెప్పదలచిన విషయమునకు వత్తుము. అది భాష.

మేము ఆడినది ఆంగ్ల ప్రతి. కథకు సంబంధించిన సంభాషణలను అందులో ఆంగ్లములోనికి మార్చిరి. కాని నెగడు చుట్టు కూర్చున్నవారు చెప్పుకొను హాస్యములను రష్యను భాషలోనే విడిచిరి. క్రింద అనువాదము కూడ వేయలేదు. ఒకడు ఏదో చెప్పును; తక్కినవారు పకపక నవ్వుదురు; మనకు ఒక్క ముక్కయు తెలియదు. కాని నవ్వినారు గనుక హాస్యమని తెలియును. చెప్పినవాని గొంతు తగ్గినది గనుక చివరి మాటలోనే చమత్కారము కలదని తెలియును. ఈ అనుభవము ఆంగ్లము మాత్రమే తెలిసినవానికి క్రొత్త కావచ్చును. మన ప్రాంతపు పిల్లలకు ఇది దినచర్య. హోసూరు సంతలో తెలుగు, కన్నడము, తమిళము ఒక్క బుట్టచుట్టునే వినబడును. బేరము ఒక భాషలో, తిట్టు ఇంకొక భాషలో, చిల్లర లెక్క మూడవ భాషలో జరుగును. అర్థము కాని మాటను గొంతునుబట్టి, మొగమునుబట్టి గ్రహించుట మన పిల్లలు బడికి రాక మునుపే నేర్చిన విద్య. దానిని వారు తక్కువగ నెంచరాదు.

ఆ ఆటకు పేరైన ఊరికే రెండు పేర్లు కలవు. రష్యనులో చెర్నోబిల్, ఉక్రేనియనులో చోర్నోబిల్. ఆ మాట ఆ నేలమీద మొలచు ఒక మొక్క పేరు. వినాయక చవితినాడు మనము పూజకు తెచ్చు 21 పత్రులలోని మాచిపత్రి ఆ జాతిదే. లోకమంతయు ఆ ఊరిని రష్యను పేరుతోనే ఎరిగినది. 2007 నాటి ఆటకును ఆ పేరే పెట్టిరి. ఆటలోని మాటలును ఎక్కువగ రష్యనే. అందులో ఆశ్చర్యము లేదు. ఉక్రేనియను భాష చాల కాలము రెండవ వరుసలో నిలువవలసి వచ్చినది. 1876లో రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండరు జర్మనీలోని ఎమ్స్ అను స్నానతీర్థమునుండి ఇచ్చిన ఆజ్ఞ, ఆ భాషలో పుస్తకములు అచ్చువేయుటను చాల వరకు నిషేధించెను. విదేశములనుండి తెప్పించుటను, నాటకములాడుటను కూడ అడ్డగించెను. ఆ నిర్బంధము 1905 వరకు పూర్తిగ సడలలేదు. ఇంటిలో మాటలాడుకొను భాషకు అచ్చుయంత్రము లేకుండ మూడు దశాబ్దములు గడచినవి.

2022 ఫిబ్రవరి 24వ తేదీన రష్యా సైన్యము ఉక్రెయిన్‌పై దండెత్తెను. మొదటి దినముననే చెర్నోబిల్ కేంద్రమును ఆక్రమించి మార్చి నెలాఖరు వరకు అచట నుండెను. ఆ సమయమున ఇదే సంస్థవారు ఈ ఆటకు రెండవ భాగమును నిర్మించుచుండిరి. కొందరు చెక్ దేశపు ప్రేగ్ నగరమునకు తరలిపోయి అచటనుండి పని సాగించిరి. కొందరు సైన్యమున చేరిరి. ఈ వరుసలోని పూర్వపు ఆటకు పని చేసిన వొలొదిమిర్ యెజోవ్ అనునతడు 2022 డిసెంబరులో బఖ్‌ముత్ వద్ద యుద్ధమున మరణించెను. రెండవ భాగము 2024 నవంబరు 20వ తేదీన వెలువడెను. దాని పేరులో ఊరి పేరును చోర్నోబిల్ అని తమ భాషలో పలుకునట్లే వ్రాసిరి. అందు పాత్రలు ఉక్రేనియను భాషలో మాటలాడును; ఆంగ్లమున వినదలచినవారికి ఆంగ్లమును కలదు. రష్యను పలుకును మాత్రము తీసివేసిరి.

ఈ విషయము చెప్పుటలో మా ఉద్దేశమును ఎవరును అపార్థము చేసికొనరాదు. ఆ దేశముల నడుమ జరుగుచున్నది యుద్ధము. మనకు ఇచట ఇరుగుపొరుగుతో అట్టిదేమియు లేదు, ఉండనక్కరయు లేదు. ఏ భాషయు తనంత తాను దోషము చేయదు. ఉక్రెయిన్‌లో రష్యను మాతృభాషగ గలవారు కూడ తమ దేశము కొరకు పోరాడుచున్నారు. హోసూరును తమిళమున ఓసూర్ అని వ్రాయుదురు; ఆ భాషకు స్వతస్సిద్ధమైన హకారము లేదు. కన్నడమున హొసూరు అనగా క్రొత్త ఊరు. మనము ఈ రెంటిని గౌరవముతో పలుకుదము; బోర్డుమీద చదువుదము; పరీక్షలో తప్పు లేకుండ వ్రాయుదము. రాష్ట్రభాషను బాగుగ నేర్వనివాడు తన తెలుగును కూడ కాపాడుకొనలేడని మేము తరగతిలో పలుమారు చెప్పియున్నాము. మా మాట యొక్కటియే: పొరుగు భాషను నేర్చుట వేరు, తన భాషను పొరుగున పెట్టుట వేరు.

ఆ కీవ్ వారు మనకు చూపినది ఇదియే. భాషను కాపాడుటకు సభలు చాలవు, తీర్మానములు చాలవు. పిల్లలు ఇష్టపడి పోవు చోటునకు భాష కూడ పోవలెను. ఒకనాడు ఆ చోటు పుస్తకము. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయములు రష్యను కథలను చక్కని తెలుగున అచ్చువేసి, రంగుల బొమ్మలతో చౌకగ మన పల్లెలకు పంపిన కాలమొకటి కలదు. నేటి తల్లిదండ్రులలో కొందరి యిండ్ల అటకలమీద ఆ పుస్తకములు ఇంకను ఉండవచ్చును. అంత దూరమునుండి తెలుగు పిల్లవానితో తెలుగున మాటలాడవలెనని వారికి తోచినది. నేడు పిల్లల మనస్సు తెరమీదికి పోయినది. అచట తుపాకి కలదు, రథము కలదు, కోట కలదు. తెలుగు మాత్రము అరుదు. మేము ముగించిన ఆటలో తెలుగు లేదు. అది వారి తప్పు కాదు. మన నెగడు వద్ద మన హాస్యమును మనమే చెప్పుకొనవలెను.

తెలుగు చదివిన పిల్లవానికి ఏమి ఉద్యోగము వచ్చునని తల్లిదండ్రులు మమ్ము అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. దీనికి మేము ఇచ్చు సమాధానములలో ఇదియు నొకటి. ఇట్టి ఆటను నిర్మించుటకు యంత్రభాష వ్రాయువారు మాత్రము చాలరు. కథ వ్రాయువారు కావలెను. నెగడు వద్ద నలుగురు ఏమి మాటలాడుకొందురో తెలిసినవారు కావలెను. ముసలివాడు ఎట్లు పలుకును, వ్యాపారి ఎట్లు పలుకును, భయపడినవాడు ఎట్లు పలుకును అని చెవితో ఎరిగినవారు కావలెను. ఈ విద్య వ్యాకరణము, పద్యము, కథ చదివినచోటనే వచ్చును. లెక్కలతో పాటు తెలుగును కూడ శ్రద్ధగ చదివినవాడు ఈ పనికి ఎక్కువ తగినవాడు, తక్కువ తగినవాడు కాడు.

పొరుగు రాష్ట్రమున మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో, ఇచటి తెలుగు మాటలు కొన్ని అచటివారికి క్రొత్తగ తోచెడివి. అవి తప్పు మాటలు కావు. పుస్తకమున కెక్కని మాటలు. వానిని పలుకు పెద్దలు వెళ్ళిపోవుచున్నారు. ప్రిప్యత్ ఒక్క మధ్యాహ్నమున ఖాళీ అయినది గనుక లోకము చూచినది. భాష ఖాళీ యగుట అట్లు కనబడదు. ఒక యింట అవ్వ పోవును. వేరొక యింట పిల్లవానిని వేరొక మాధ్యమమున చేర్తురు. ఇంకొక యింట తెలుగు మాటలాడుదురు గాని వ్రాయుట మానుదురు. బస్సులు రావు, రేడియోలో ప్రకటన రాదు. కొలుచు యంత్రము టకటకమనదు. ఇదియే మమ్ము కలతపెట్టు విషయము.

కావున విద్యార్థులారా! ఆ ఆటను నిర్మించినవారు మండలమునకు పోయి గోడల పగుళ్ళను కూడ విడువక చిత్రించి తెచ్చినట్లు, మీరును మీ ఊరిని తెచ్చుకొనుడు. దానికి కంప్యూటరు అక్కరలేదు. నలుబది పుటల నోటుబుక్కు చాలును. మీ వీధిలోని తాతను అడిగి పొలముల పేర్లు, బావుల పేర్లు, చెరువు తూముల పేర్లు వ్రాసికొనుడు. అవ్వ పాడు దంపుడు పాటను వ్రాసికొనుడు. మీ యింట వాడుక గల మాట ఏది పాఠ్యపుస్తకమున లేదో దానికి అర్థము వ్రాసి, ఎవరు చెప్పిరో ఆ పేరును, తేదీని ప్రక్కన వేయుడు. ముసలివారు నవ్వినచో ఏల నవ్విరో కూడ వ్రాయుడు. మేము ఆ ఆటలో వెదకి కానలేకపోయిన అవ్వ మీ యింటనే కలదు. ఆమెను మీరు విడువకుడు.

తల్లిదండ్రులకు కూడ రెండు మాటలు. ఈ ఆటను మీ పిల్లలకు ఇప్పుడే ఇండని మేము చెప్పుట లేదు. అమెరికాలో ఆటలకు వయోపరిమితి నిర్ణయించు సంఘము దీనిని 17 ఏండ్లు నిండినవారికే తగినదని ముద్రవేసినది. రక్తపాతమును, మద్యమును, భయంకర దృశ్యములును ఇందు కలవు. ఉన్నత పాఠశాల విద్యార్థులు ఆగవలెను. ఆగినందువలన పోవునది లేదు. అయితే తెర కనబడిన వెంటనే కసరుటచేత ఫలము లేదు. పిల్లవాడు ఏ ఆట ఆడుచున్నాడో ప్రక్కన కూర్చుండి ఒక గడియ చూడుడు. అది అతని వయస్సునకు తగినదా యని విచారింపుడు. గంటల లెక్క ముందుగనే నిర్ణయింపుడు. ఆట ముగిసిన పిమ్మట, ఏమి జరిగినదో నాకు తెలుగున చెప్పుమని అడుగుడు. చెప్పునపుడు అతనికి మాటలు చాలకపోవును. ఆ చాలని మాటలను వెదకి ఇచ్చుట మీ పని, మా పని. ఆటను కథగ చెప్పగలిగినవాడు ఆటకు దాసుడు కాడు.

పేరు మరచినవాడు తన్ను తానే శత్రువని వెదకిన కథను పైన చెప్పితిమి. మన పిల్లలకు ఆ గతి పట్టరాదు. వారు ఏ రాష్ట్రమున ఏ ఉద్యోగము చేసినను, ఏ తెర ముందు కూర్చున్నను, తమ యింటి పేరును తమ అక్షరములలో వ్రాయగలిగియుండవలెను. ఈ సంచికను చదివిన ప్రతి విద్యార్థియు తన అవ్వతాతలవద్ద విన్న పది మాటలను అర్థములతో వ్రాసి, వచ్చు సంచికకు మాకు అందజేయవలెనని కోరుచున్నాము. వచ్చిన మాటలను, చెప్పినవారి పేర్లతో సహా, ఈ పుటలలోనే అచ్చువేయింతుము.